ఆడియో థ్రెడ్‌లో ప్రింట్ పెడితే బగ్ మాయం, తీసేస్తే మళ్ళీ టప్పుమంటోంది: మెమొరీలో లాగ్ ఎలా రాసుకోవాలి?

తంబూరా48 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా చెల్లి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. తన సాధన కోసం నేను రెండేళ్ళుగా ఒక తంబూరా ప్రోగ్రాం రాస్తున్నాను. సీ ప్లస్ ప్లస్, లైనక్స్ ల్యాప్‌టాప్, ఆడియోకి జాక్ (ప్రోగ్రాంల శబ్దాన్ని సౌండ్ కార్డుకి చేర్చే సర్వర్). నాలుగు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) ఉన్నాయి: ఒకటి ఆడియో కాల్‌బ్యాక్ (శబ్దం కావాల్సినప్పుడల్లా జాక్ పిలిచే ఫంక్షన్), ఒకటి డిస్క్ నుంచి తంబూరా రికార్డింగులు తెచ్చిపెట్టే లోడర్ (ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వినిపిస్తే చెవికి విసుగు పుడుతుందని ప్రతి రెండు నిమిషాలకూ కొత్త రికార్డింగుకి మారుస్తాను), ఒకటి మైకులో పాడిన స్వరం శ్రుతిలో ఉందో లేదో లెక్కకట్టేది, ఇంకొకటి స్క్రీన్. 48,000 హెర్ట్జ్, బఫర్ 128 శాంపిళ్ళు. అంటే ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒక కాల్‌బ్యాక్ వస్తుంది, ఆ లోపల పని అయిపోవాలి.

సమస్య ఏంటంటే, సుమారు పావుగంటకోసారి "టప్" అని చప్పుడు వస్తుంది. ఒక్కోసారి అరగంట దాకా రాదు, ఒక్కోసారి పది నిమిషాల్లో రెండుసార్లు వస్తుంది. చెల్లి కళ్ళు మూసుకుని షడ్జం పట్టి కూర్చున్నప్పుడు అది వస్తే మొత్తం ఏకాగ్రత పోతుంది, నాకు నిజంగా బాధగా ఉంది. జాక్ ఎక్స్‌రన్ (శబ్దం టైముకి అందలేదు) అని మాత్రం చెబుతుంది, ఎందుకో చెప్పదు. అనుమానం వచ్చిన చోటల్లా ప్రింట్‌ఎఫ్ (స్క్రీన్ మీద వాక్యం రాసే ఫంక్షన్) పెట్టి చూశాను. కాల్‌బ్యాక్‌లో పెడితే కొత్త చప్పుళ్ళు మొదలయ్యాయి. లోడర్‌లో పెడితే అసలు చప్పుడే పోయింది, మూడు గంటలు నడిపినా రాలేదు! తీసేయగానే మళ్ళీ వచ్చింది. డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే ఆడియో మొత్తం ఆగిపోతుంది కాబట్టి చూడడానికి ఏమీ మిగలదు.

లాగ్‌ని ఫైల్లోకి కాకుండా మెమొరీలోనే రాసుకుని తర్వాత తీసి చూడాలని విన్నాను. కానీ ఎలా కట్టాలో తెలియడం లేదు. అన్ని థ్రెడ్లకూ ఒకే బఫరా, తలా ఒకటా? అందులో ఏం రాయాలి? చప్పుడు వచ్చిన క్షణంలో దాన్ని ఎలా ఆపాలి? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ లాగ్ కూడా ప్రింట్‌ఎఫ్ లాగే బగ్‌ని దాచేయదా?

చిన్నబఫర్

ముందు ప్రింట్‌ఎఫ్ సంగతి. అది అక్షరాలు కూర్చుతుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్ మీద లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) తీసుకుంటుంది, నిండినప్పుడో లైను అయిపోయినప్పుడో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోకి వెళ్ళి టెర్మినల్‌కి రాస్తుంది. మీ శ్రుతి థ్రెడ్ ఆ లాక్ పట్టుకుని ఉండగా దాన్ని పక్కకు తప్పించి ఇంకేదో పని నడిచిందనుకోండి, అన్నిటికంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్న మీ ఆడియో థ్రెడ్ తక్కువ ప్రయారిటీ థ్రెడ్ కోసం గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తుంది. అందుకే కాల్‌బ్యాక్‌లో ప్రింట్ పెట్టగానే కొత్త చప్పుళ్ళు వచ్చాయి, అవి మీ అసలు బగ్ కాదు, వాటిని వదిలేయండి.

లోడర్‌లో పెడితే చప్పుడు పోయిందన్న మాట మాత్రం బంగారం లాంటి ఆధారం. ఆ ప్రింట్ ఏ లైను తర్వాత, ఏ లైను ముందు పెట్టారో రాసిపెట్టుకోండి. రెండు థ్రెడ్లలో ఎవరు ముందు పూర్తి చేస్తారు అన్నదాని మీద మీ చప్పుడు ఆధారపడి ఉందని అది చెబుతోంది.

ఒక చిన్న సందేహం: రివర్బ్ లాంటిది ఏమైనా ఉందా? చాలా చిన్న ఫ్లోట్ విలువలు, అదే డీనార్మల్స్, వచ్చినప్పుడు కూడా సీపీయూ అకస్మాత్తుగా నెమ్మదిస్తుంది. దానికి థ్రెడ్లతో సంబంధం ఉండదు.

తంబూరా48

రివర్బ్ లేదండి. డీనార్మల్స్‌ని సున్నా చేసే సెట్టింగ్ కూడా ఆన్‌లోనే ఉంది.

లాక్‌వద్దు

నేను పన్నెండేళ్ళుగా ఆడియో సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తున్నాను, ఇలాంటి లాగ్ నాలుగైదు సార్లు కట్టాను. నా పద్ధతి చెబుతాను, కాస్త పొడుగ్గా ఉంటుంది.

దీన్ని విమానంలో ఉండే ఫ్లైట్ రికార్డర్‌లా ఊహించుకోండి. ఎప్పుడూ రాస్తూనే ఉండాలి, నిండితే పాతదాని మీద కొత్తది రాసేయాలి, ప్రమాదం జరిగిన క్షణంలో ఆగిపోవాలి, చివరి కొన్ని సెకన్లు మన చేతికి రావాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్ళీ మొదటి నుంచి రాసే బఫర్) అనగానే ఒకవైపు రాస్తుంటే ఇంకోవైపు ఇంకో థ్రెడ్ చదివి ఫైల్లో పెట్టే క్యూ కడతారు. ఆ చదివే థ్రెడ్ వెనకబడితే నిండిపోయి కొత్త ఎంట్రీలు పోతాయి, మనకు కావాల్సింది సరిగ్గా ఆ కొత్తవే! అదీగాక, చదివే థ్రెడ్ డిస్క్‌ని, సీపీయూ క్యాష్‌ని కదిలించి టైమింగ్ మార్చేస్తుంది. కాబట్టి నడుస్తున్నంతసేపూ ఎవరూ చదవకూడదు. ఆగాకే చదవాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం కష్టాలు తీరిపోతాయి, సగం రాసిన ఎంట్రీని ఎవరో చదివేశారన్న గొడవే ఉండదు.

ఎంట్రీలో అక్షరాలు రాయొద్దు. 32 బైట్ల స్థిరమైన సైజు పెట్టుకోండి: 8 బైట్లు టైమ్‌స్టాంప్, 4 బైట్లు ఘటన నంబర్, 4 బైట్లు వరుస నంబర్, మిగతా 16 బైట్లలో రెండు 64 బిట్ విలువలు. ఘటన నంబర్ అంటే "కాల్‌బ్యాక్ మొదలు" 1, "మిక్స్ పూర్తి" 2, ఇలా ఒక ఈనమ్ (పేర్లకి నంబర్లిచ్చే జాబితా). ఆ నంబర్‌ని వాక్యంగా మార్చే పని తర్వాత తీరిగ్గా వేరే ప్రోగ్రాం చేస్తుంది. కొందరు ఘటన నంబర్ బదులు స్ట్రింగ్ లిటరల్ పాయింటర్‌ని (కోడ్‌లో రాసిన వాక్యం ఉన్న మెమొరీ చిరునామాని) దాస్తారు, అది కూడా వేగమే, కానీ ప్లగిన్లు రాసేటప్పుడు అది నన్ను ఒకసారి దెబ్బ తీసింది. హోస్ట్ నా ప్లగిన్‌ని మెమొరీ నుంచి తీసేసింది, ఆ పాయింటర్లు చూపించే చోట ఏమీ లేదు, లాగ్ చదవబోతే చదివే ప్రోగ్రామే కూలిపోయింది. అప్పటి నుంచి నంబర్లే వాడుతున్నాను.

టైమ్‌స్టాంప్‌కి లైనక్స్‌లో క్లాక్ గెట్‌టైమ్‌ని మోనోటానిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారంతో పిలవండి. మామూలుగా అది కెర్నెల్‌లోకి వెళ్ళదు, వీడీఎస్‌ఓ (కెర్నెల్ మన ప్రాసెస్‌లోనే పెట్టి ఉంచే చిన్న కోడ్) ద్వారా యూజర్ వైపే పని అయిపోతుంది. గోడ గడియారం టైము మాత్రం వద్దు, నెట్ నుంచి సర్దుబాటు జరిగితే అది వెనక్కి కూడా వెళ్ళగలదు. రేపు ఆపిల్ సిలికాన్ మ్యాక్ మీదికి తీసుకెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి, అక్కడి టైము ఫంక్షన్ మాక్ అబ్సల్యూట్ టైమ్ 24 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, అంటే ఒక్కో టిక్ సుమారు 42 నానోసెకన్లు. వెంటవెంటనే రాసిన రెండు ఎంట్రీలకు ఒకే టైము పడొచ్చు. వరుస నంబర్ అందుకే పెట్టమన్నాను.

థ్రెడ్‌కి ఒక బఫర్. ఇందులో నేను రాజీపడను. ఒక బఫర్‌లో ఒకే థ్రెడ్ రాస్తే అటామిక్ (మధ్యలో ఇంకో థ్రెడ్ దూరలేని) కూడిక అక్కర్లేదు, ఎంట్రీ నింపి, ఆ తర్వాత ఇండెక్స్‌ని రిలీజ్ ఆర్డర్‌తో (అంతకు ముందు రాసినవన్నీ దీనికంటే ముందే కనిపించేలా) ఒక స్టోర్ చేస్తే చాలు. సైజుని 2 యొక్క ఘాతంగా పెట్టుకుంటే భాగహారం బదులు బిట్ మాస్క్ సరిపోతుంది. ఒక్కో బఫర్ ఇండెక్స్‌ని వేరే క్యాష్ లైన్‌లో (ప్రాసెసర్ మెమొరీని ఒకేసారి తెచ్చుకునే ముక్క) ఉంచండి, మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో 64 బైట్లు, ఆపిల్ ఎమ్ చిప్పుల్లో 128. పక్కపక్కన పెడితే రెండు కోర్లు ఒకే లైను కోసం కొట్టుకుంటాయి, అప్పుడు మీ లాగే థ్రెడ్లని నెమ్మది చేస్తుంది.

లెక్క: ఆడియో బఫర్ 128 అయితే సెకనుకి 375 కాల్‌బ్యాక్‌లు. ఒక్కోదానిలో 40 ఎంట్రీలు రాసినా సెకనుకి 15,000. 65,536 ఎంట్రీల బఫర్ 2 మెగాబైట్లు అవుతుంది, నాలుగు సెకన్ల పైచిలుకు చరిత్ర దొరుకుతుంది. మీ చప్పుడు కారణం దానికి కొన్ని మిల్లీసెకన్ల ముందే ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువే.

ఆ 2 మెగాబైట్లని ప్రోగ్రాం మొదట్లోనే తీసుకుని, ప్రతి పేజీలోనూ ఒకసారి రాసి, ఎమ్‌లాక్ (ఆ పేజీలు మెమొరీలోంచి కదలకుండా కట్టేయడం) చేయండి. లేకపోతే మొదటిసారి ఆ పేజీని ముట్టుకున్నప్పుడు పేజ్ ఫాల్ట్ (పేజీ కోసం కెర్నెల్‌లోకి వెళ్ళాల్సి రావడం) వచ్చేది మీ ఆడియో థ్రెడ్‌కే.

గోదారిగట్టు

పైన చెప్పినవన్నీ బాగున్నాయి కానీ థ్రెడ్‌కో బఫర్ అన్నదానితో నేను పూర్తిగా ఒప్పుకోను. నేను చేసేది ఆడియో కాదు, ఫ్యాక్టరీ మెషిన్ల కంట్రోలర్లు, అక్కడ కూడా టైమింగ్ గోలే. మేము అందరికీ ఒకే బఫర్ పెడతాం. ఇండెక్స్ మీద అటామిక్ ఫెచ్ యాడ్ (పాత విలువ తీసుకుని ఒకటి కూడడం) చేసి తన స్లాట్ తెచ్చుకోవడం, అందులో రాసుకోవడం. ఎవరు ముందు స్లాట్ తీసుకున్నారో ఆ వరుస మనకి ఉచితంగా దొరుకుతుంది, నాలుగు బఫర్లని టైము ప్రకారం కలిపే పని ఉండదు, టైమ్‌స్టాంపుల మీద నమ్మకం పెట్టుకునే అవసరం తగ్గుతుంది. రాయడం కూడా పది లైన్లే. బగ్ వెంట పడుతున్నప్పుడు పది లైన్లలో అయిపోయేదే మంచిది, ఆ లాగ్‌లోనే బగ్ ఉంటే ఇంక ఎటు పోతాం?

లాక్‌వద్దు

మీ మాటలో న్యాయం ఉంది, తేలికగా రాయగలగడం చాలా పెద్ద లాభం. నా అభ్యంతరం వేగం గురించి కాదు. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మీద ఫెచ్ యాడ్‌ని రిలాక్స్‌డ్ (వరుస నియమం అక్కర్లేదు) అని రాసినా సరే, అది లాక్ ప్రిఫిక్స్ ఉన్న సూచనగానే మారుతుంది, అది పూర్తి మెమొరీ బ్యారియర్‌లా (ముందరి మెమొరీ పనులు అయ్యాకే తర్వాతవి అనే అడ్డుకట్టలా) పనిచేస్తుంది. అంటే మీరు లాగ్ లైను పెట్టిన ప్రతిచోటా తెలియకుండా ఒక బ్యారియర్ పెడుతున్నట్టే. బగ్ మెమొరీ ఆర్డరింగ్‌కి సంబంధించినది అయితే లాగ్ పెట్టగానే అది నయమైపోయినట్టు కనిపిస్తుంది. తంబూరా48 గారు ప్రింట్‌ఎఫ్‌తో పడిన బాధ అదే కదా, మళ్ళీ అదే గుంటలో పడేయడం నాకు ఇష్టం లేదు. అంతేకాదు, నాలుగు థ్రెడ్లు ఒకే ఇండెక్స్‌ని ముట్టుకుంటుంటే ఆ క్యాష్ లైన్ కోర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది, ఒకదానితో ఒకటి సంబంధం లేని థ్రెడ్లని మన లాగే ముడి వేస్తుంది.

ఇంకొకటి, స్లాట్ తీసుకున్న వరుసకీ అసలు పని జరిగిన వరుసకీ తేడా ఉండొచ్చు. స్లాట్ తీసుకున్నాక ఆ థ్రెడ్‌ని షెడ్యూలర్ పక్కన పెడితే లాగ్‌లో ముందు, నిజంలో వెనక. కాబట్టి ఆ వరుస కూడా వేదవాక్కు కాదు.

గోదారిగట్టు

బ్యారియర్ సంగతి ఒప్పుకుంటున్నాను, మా బోర్డుల్లో ఏఆర్ఎమ్ కాబట్టి నాకు అది అనుభవంలోకి రాలేదు. సంబంధం లేని థ్రెడ్లని ముడి వేయడం అన్న మాట కూడా సరైనదే.

తంబూరా48

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. థ్రెడ్‌కో బఫర్ పెట్టి రాత్రి కూర్చుని రాసేశాను, చప్పుడు ఇంకా వస్తూనే ఉంది! అంటే లాగ్ దాన్ని దాచలేదు, ఇంత సంతోషం ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు ఎలా ఆపాలో చెప్పండి. జాక్ ఎక్స్‌రన్ కాల్‌బ్యాక్‌లో ఆపేయనా? ఇంకో అనుమానం, ప్రోగ్రాం కూలిపోతే లాగ్ కూడా పోతుంది కదా, దాన్ని ఎమ్‌మ్యాప్‌తో (ఫైల్‌ని మెమొరీలా వాడుకునే పద్ధతి) ఫైల్‌కి కలిపేస్తే?

చిన్నబఫర్

ఎక్స్‌రన్ కబురు మీ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అది వచ్చే థ్రెడ్ కూడా వేరు. దాని కోసం ఎదురుచూడకండి. కాల్‌బ్యాక్ చివర్లో మీరే కొలవండి: మొదలైనప్పటి టైముకీ ఇప్పటి టైముకీ తేడా 2 మిల్లీసెకన్లు దాటితే "ఆపు" అనే అటామిక్ జెండా ఎత్తేయండి. గత కాల్‌బ్యాక్ మొదలుకీ ఈ కాల్‌బ్యాక్ మొదలుకీ మధ్య దూరాన్ని కూడా చూడండి. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మన పని ఎక్కువసేపు పట్టిందా, లేక అసలు మనల్ని లేపడమే ఆలస్యమైందా? రెండోది అయితే తప్పు మీ కోడ్‌లో కాకుండా కెర్నెల్‌లోనో, ప్రయారిటీ సెట్టింగులోనో ఉండొచ్చు.

జెండా ఎత్తగానే అంతా ఆగిపోకుండా ఇంకో పది కాల్‌బ్యాక్‌ల తర్వాత ఆగేలా పెట్టండి, తర్వాత ఏం జరిగిందో కూడా తెలుస్తుంది. ప్రతి థ్రెడ్ ఎంట్రీ రాసే ముందు జెండా చూస్తుంది, అంతే. ఆగాక ఒక అర సెకను తర్వాత స్క్రీన్ థ్రెడ్ తీరిగ్గా ఫైల్లోకి రాసేస్తుంది.

ఎమ్‌మ్యాప్ గురించి మాత్రం జాగ్రత్త. ఆలోచన మంచిదే, షేర్డ్ మ్యాప్ అయితే ప్రాసెస్ చచ్చిపోయినా రాసిన డేటా కెర్నెల్ దగ్గర ఉంటుంది. కానీ మామూలు డిస్క్ ఫైల్ అయితే కెర్నెల్ మధ్యమధ్యలో ఆ పేజీలని డిస్క్‌కి రాస్తుంది, రాయడానికి ముందు వాటిని రీడ్ ఓన్లీగా మారుస్తుంది, ఆ తర్వాత మీ ఆడియో థ్రెడ్ అందులో రాయబోతే పేజ్ ఫాల్ట్. ఒక్కోసారి డిస్క్ రాత అయ్యేదాకా ఆగాల్సి రావొచ్చు కూడా. ఎమ్‌లాక్ దీన్ని ఆపదు. నా ప్రోగ్రాంలో ఇలా వచ్చిన చప్పుడు వెతకడానికి నాకు రెండు వారాలు పట్టింది, లాగ్ తీసేస్తే పోయేది, పెడితే వచ్చేది. ఫైల్‌ని దేవ్ ఎస్‌హెచ్‌ఎమ్‌లో పెట్టండి. అది మెమొరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్ కాబట్టి డిస్క్ రాత అన్నదే ఉండదు. మెషిన్ రీబూట్ అయితే పోతుంది, ప్రోగ్రాం కూలితే మాత్రం ఉంటుంది, మీకు కావాల్సింది అదే.

సిగ్నల్ హ్యాండ్లర్‌లో (ప్రోగ్రాం కూలేటప్పుడు నడిచే ఫంక్షన్) లాగ్‌ని ప్రింట్ చేయాలని కూడా అనిపిస్తుంది, చేయకండి. అక్కడ ప్రింట్‌ఎఫ్, మాలాక్ (మెమొరీ అడిగే ఫంక్షన్) లాంటివి పిలవకూడదు.

తంబూరా48

దొరికింది!!! చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే. పదకొండో నిమిషంలో ఆగింది. నాలుగు బఫర్లని టైము ప్రకారం కలిపి చూస్తే ఇదీ వరుస, కాల్‌బ్యాక్ మొదలైనప్పటి నుంచి మిల్లీసెకన్లలో:

0.000 ఆడియో: కాల్‌బ్యాక్ మొదలు
0.012 ఆడియో: రికార్డింగు 41 కాపీ తీసుకుంది
0.015 లోడర్: 42ని పెట్టింది
0.016 లోడర్: 41ని వదిలేసింది
0.390 ఆడియో: మిక్స్ పూర్తి
0.391 ఆడియో: 41 డిస్ట్రక్టర్ మొదలు
4.287 ఆడియో: 41 డిస్ట్రక్టర్ పూర్తి
4.288 ఆడియో: కాల్‌బ్యాక్ ముగింపు

డిస్ట్రక్టర్ (వస్తువుని వదిలేసేటప్పుడు దాని మెమొరీని తిరిగి ఇచ్చే కోడ్) ఆడియో థ్రెడ్‌లో నడిచింది! రికార్డింగులని షేర్డ్ పాయింటర్‌లో (ఎన్ని కాపీలు ఉన్నాయో లెక్కపెట్టుకునే పాయింటర్) పెట్టుకున్నాను, కాల్‌బ్యాక్‌లో ఒక కాపీ తీసుకుంటే పని అయ్యేదాకా మెమొరీ భద్రంగా ఉంటుందని అనుకున్నాను. భద్రంగానే ఉంది, కానీ ఆఖరి కాపీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఫ్రీ చేయాలి కదా. ఒక్కో రికార్డింగు రెండు నిమిషాల స్టీరియో, ఫ్లోట్ శాంపిళ్ళు, 46 మెగాబైట్లు. దాన్ని విడిచిపెట్టడానికి దాదాపు 3.9 మిల్లీసెకన్లు పట్టింది.

లెక్క కూడా సరిపోయింది. ఆడియో థ్రెడ్ చేతిలో కాపీ ఉండేది ప్రతి 2.67 మిల్లీసెకన్లలో 0.38 సేపు, అంటే ఏడింట ఒక వంతు. లోడర్ మార్చేది రెండు నిమిషాలకోసారి. సగటున ఏడు మార్పులకి ఒక చప్పుడు, అంటే సుమారు పద్నాలుగు నిమిషాలు! ఇన్ని నెలలుగా పావుగంట పావుగంట అని చెల్లి చెబుతున్నది ఇదే.

నేను ప్రింట్ పెట్టింది ఎక్కడో ఇప్పుడు చూశాను. లోడర్‌లో 42ని పెట్టాక, 41ని వదిలే ముందు, మూడు లైన్లు. టెర్మినల్‌కి రాసి వచ్చేలోగా ఆడియో థ్రెడ్ తన కాపీ వదిలేసేది, ఆఖరిది లోడర్ దగ్గరే మిగిలేది, ఫ్రీ అక్కడే జరిగేది. చిన్నబఫర్ గారు మొదట్లోనే చెప్పారు, ఎక్కడ పెట్టారో రాసుకోమని.

లాక్‌వద్దు

భలే పట్టారు! చాలా అందమైన లాగ్ ఇది, 0.391 దగ్గర నుంచి 4.287కి దూకిన ఆ ఖాళీలోనే కథ అంతా ఉంది.

ఎందుకు అంతసేపు పట్టిందో కూడా చెప్పొచ్చు. గ్లిబ్‌సీలో (లైనక్స్ సీ లైబ్రరీ) పెద్ద బ్లాకులు మామూలు హీప్ నుంచి కాకుండా ఎమ్‌మ్యాప్ ద్వారా నేరుగా కెర్నెల్ నుంచి వస్తాయి. ఆ హద్దు 128 కిలోబైట్ల దగ్గర మొదలై వాడకాన్ని బట్టి పెరుగుతుంది, కానీ 64 బిట్ మెషిన్లలో 32 మెగాబైట్లు దాటదు. మీది 46, కాబట్టి ప్రతిసారీ ఎమ్‌మ్యాపే, ప్రతి ఫ్రీ ఒక మున్‌మ్యాప్ (ఎమ్‌మ్యాప్‌తో తెచ్చింది తిరిగి ఇచ్చేయడం) సిస్టమ్ కాలే. 4 కిలోబైట్ల పేజీలైతే 11,250 పేజీలని కెర్నెల్‌కి తిరిగి ఇవ్వాలి. చిన్న రికార్డింగులు అయ్యుంటే ఈ చప్పుడు ఇంకా అరుదుగా వచ్చేది, ఇంకా కష్టంగా దొరికేది.

ఇంకొకటి ఉంది, ఇంకా మిమ్మల్ని కొట్టలేదు కానీ కొడుతుంది. షేర్డ్ పాయింటర్ కాపీని అటామిక్ లోడ్‌తో తీసుకుంటున్నారా? జీసీసీ లైబ్రరీలో పాతకాలపు ఆ ఫంక్షన్లు లోపల మ్యూటెక్స్ (ఒక రకం లాక్) వాడతాయి. మీ కోడ్‌లో లాక్ కనిపించదు, కానీ ఉంది.

కాబట్టి కాల్‌బ్యాక్‌లోంచి షేర్డ్ పాయింటర్‌ని పూర్తిగా తీసేయండి. రెండు చిన్న క్యూలు పెట్టండి, రెండూ ఒకరు రాసేవి, ఒకరు చదివేవి. మొదటిదాంట్లో లోడర్ కొత్త రికార్డింగు మామూలు పాయింటర్‌ని పంపుతుంది. ఆడియో థ్రెడ్ దాన్ని తీసుకుని, పాత పాయింటర్‌ని రెండో క్యూలో వెనక్కి పంపుతుంది, లోడర్ తీరిక ఉన్నప్పుడు డిలీట్ చేస్తుంది. వెనక్కి పంపే క్యూలో చోటు లేకపోతే ఆ కాల్‌బ్యాక్‌లో మార్పు చేయకుండా పాతదాన్నే వాయిస్తూ ఉండాలి, తర్వాతి కాల్‌బ్యాక్‌లో మళ్ళీ చూసుకోవాలి. ప్రోగ్రాం మూసేటప్పుడు ముందు జాక్ క్లయింట్‌ని ఆపి ఆ తర్వాతే క్యూల్లో మిగిలినవి ఖాళీ చేయండి.

క్లాంగ్ 20 నుంచి రియల్‌టైమ్ శానిటైజర్ వచ్చింది, అది కూడా వాడండి. కాల్‌బ్యాక్‌కి నాన్‌బ్లాకింగ్ అని గుర్తు పెట్టి ఆ శానిటైజర్‌తో కంపైల్ చేస్తే, లోపల ఎక్కడ ఫ్రీ పిలిచినా, లాక్ పట్టినా అక్కడికక్కడే ఆపి చూపిస్తుంది. థ్రెడ్ శానిటైజర్ వేరే పని చేస్తుంది, డేటా రేసులు (రెండు థ్రెడ్లు ఒకే డేటాని అదుపు లేకుండా ముట్టుకోవడం) పట్టుకుంటుంది, కానీ ప్రోగ్రాంని 5 నుంచి 15 రెట్లు నెమ్మది చేస్తుంది కాబట్టి బఫర్ 128తో నడపలేరు, 2,048 లాంటిది పెట్టుకుని విడిగా నడపాలి.

గోదారిగట్టు

బగ్ దొరికింది కదా అని లాగ్ తీసేయకండి తమ్ముడూ, చెల్లి వాడే వెర్షన్‌లో కూడా ఉంచేయండి. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ మధ్యమధ్యలో దానంతట అదే రీసెట్ అయ్యేది. తక్కువ ప్రయారిటీ ఉన్న వాతావరణ డేటా టాస్క్ ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా మధ్య ప్రయారిటీ పనులు దాన్ని పక్కకు నెట్టేవి, ఆ మ్యూటెక్స్ కోసం ఎక్కువ ప్రయారిటీ టాస్క్ ఆగిపోయేది, అంతలో వాచ్‌డాగ్ (పని టైముకి కాకపోతే పట్టుకునే కాపలా) వచ్చి రీసెట్ చేసేది. ఇక్కడ చిన్నబఫర్ గారు ప్రింట్‌ఎఫ్ గురించి చెప్పిన జబ్బే అది. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ట్రేస్ లాగ్ సదుపాయం ముందే ఉంది. భూమి మీద ఉన్న నకలు మెషిన్‌లో దాన్ని ఆన్ చేసి, ఆ రీసెట్ మళ్ళీ వచ్చేదాకా నడిపి పట్టుకున్నారు. తర్వాత ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (లాక్ పట్టుకున్న టాస్క్‌కి ఎదురుచూసేవాళ్ళ ప్రయారిటీ ఇవ్వడం) ఆన్ చేసే మార్పుని పైకి పంపి సరిచేశారు. ఆ లాగ్ అప్పటికప్పుడు రాయాల్సి వస్తే ఎంత ఆలస్యమయ్యేదో ఆలోచించండి.

తంబూరా48

రెండు క్యూల పద్ధతి రాసేశాను. మీరన్నట్టే అటామిక్ లోడే వాడుతున్నాను, అది కూడా పోయింది. బఫర్‌ని 64కి తగ్గించి, లోడర్ ప్రతి రెండు సెకన్లకూ మార్చేలా పెట్టి రాత్రంతా నడిపాను. తొమ్మిది గంటలు, ఒక్కసారి కూడా జెండా లేవలేదు. శానిటైజర్ ఇంకొకటి చూపించింది, శ్రుతి థ్రెడ్‌కి మైకు డేటా పంపేచోట ఒక వెక్టర్ పెరుగుతోంది, పెరగాలంటే కొత్త మెమొరీ అడగాలి, దాన్ని ముందే రిజర్వ్ చేశాను.

లాగ్ అలాగే ఉంచుతున్నాను. నాలుగు బఫర్లనీ కలిపి జేసన్ ఫైల్‌గా రాసి పర్‌ఫెట్టోలో (ఇలాంటి లాగ్‌లని బొమ్మగా చూపించే టూల్) తెరిస్తే థ్రెడ్లు ఒకదాని కింద ఒకటి బొమ్మలా కనిపిస్తున్నాయి, అంకెల వరుస చదవడం కంటే చాలా హాయిగా ఉంది. ఆ మార్చే స్క్రిప్ట్ కావాల్సినవాళ్ళు చెప్పండి, ఇక్కడే పెడతాను.

పొద్దున చెల్లి గంటన్నర పాడింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.